నేను సబ్బుతో కడిగేసిన తరవాణి

గల్ఫ్‌కి వెళ్ళబోయే మా జిల్లాల పిల్లలు పాస్‌పోర్టు చేతికి రాగానే నా దగ్గరికి వస్తుంటారు. ముప్పై ఏళ్ళు పైపులతో కాపురం చేసి, ఫోర్‌మన్‌గా దిగిపోయి వచ్చాను కాబట్టి నాకేదో తెలుసని వాళ్ళ నమ్మకం. వెల్డింగు టెస్టులో ఏ పైపు ఇస్తారని అడుగుతారు. ఎండ ఎంత ఉంటుందని అడుగుతారు. అన్నీ అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఏదో మరిచిపోయిన వాళ్ళలా అప్పుడు అడుగుతారు.

"అంకుల్, అక్కడ తిండేటి? మెస్సులో తినొచ్చా, మనమే వండుకోవాలా?"

ఓరి మీ దుంప తెగ, అది మొదట అడగాల్సిన ప్రశ్నర్రా! చెప్పులు విప్పండి, మళ్ళీ కూర్చోండి అంటాను. మీకూ అదే చెబుతున్నాను. కూర్చోండి. ఇది నేను చేసిన ఒక తప్పు గురించి. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెబుతాను.

గల్ఫ్‌లో సముద్రపు ఒడ్డున ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటు కడుతున్నారు. నా ఉద్యోగంలో అదే ఆఖరి సైటు. పైపు జాయింట్లు వేసే వెల్డర్లు, ఫిట్టర్లు కలిపి నా కింద కొందరు. వాళ్ళలో ఆరుగురు శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే. క్యాంపులో మేమందరం ఒకే గది. గది వెనక చిన్న వంటగది, దాని వెనక బట్టలు ఆరేసుకునే వరండా.

క్యాంపులో మెస్సు ఉండేది. దాన్ని తిట్టడానికి ఈ కథ మొదలెట్టలేదు. వందల మందికి వండి వార్చేవాళ్ళు, వేళకి పెట్టేవాళ్ళు. చపాతీలు, కోడికూర, నూనె తేలే పప్పు. పని చేసే చోటికి మధ్యాహ్నం డబ్బాలు కూడా వాళ్ళే పంపేవాళ్ళు. గేటు దాటి బయటికి వెళితే మలబారు హోటలు ఒకటి. అక్కడ పొరలు పొరలుగా పరోటా వేసేవాడు, దానికి గొడ్డు కారంగా చేపల పులుసు. నేను పూర్తిగా మెస్సు పార్టీ, సెలవు రోజు హోటలు పార్టీ. ఎండలో పన్నెండు గంటలు నిలబడి వచ్చి మళ్ళీ ఉల్లిపాయలు తరగడమేమిట్రా అనేవాణ్ణి. వండుకునే వాళ్ళని చూసి నవ్వేవాణ్ణి కూడా.

వండుకునే పార్టీకి నాయకుడు మా మావ.

ఆయనది బొబ్బిలి వైపు పల్లె. వరసకి నాకేమీ కాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. అందరూ మావ అనేవాళ్ళు, నేనూ అన్నాను, ఆయన నన్ను అల్లుడూ అన్నాడు, వరస స్థిరపడిపోయింది. సైటులో నేను ఆయనకి ఫోర్‌మన్‌ని, గదిలో అల్లుణ్ణి. నలభై ఏళ్ళ చెయ్యి ఆయనది. ఆయన వేసిన జాయింటు మీద వేలితో రాస్తే కుట్టుమిషను కుట్టులా ఒకే తీరుగా తగిలేది. ఆ ఒప్పందం ముగిశాక ఇంటికి వెళ్ళిపోతానని చెప్పుకునేవాడు. "ఏలెత్తి సూపించుకోకుండా ఎలిపోతే సాలు అల్లుడా," అనేవాడు. ఆయనకున్న ఆశంతా అదొక్కటే.

మావ వంట పెద్ద గొప్పదేమీ కాదు. అన్నం, ఎండు నెత్తళ్ళ చేపలు, వంకాయ, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ. ఆయన గొప్పంతా వరండాలో మూల పెట్టిన తరవాణి కుండలో ఉండేది.

తరవాణి తెలియని పిల్లలు ఇప్పుడు మన జిల్లాల్లోనే ఉన్నారు కాబట్టి చెబుతాను. అన్నం వార్చిన గంజి, గుప్పెడు అన్నం, నీళ్ళు కుండలో పోసి పులియబెడతారు. తీసుకున్నంత తీసుకుని, ఆ రోజు గంజి మళ్ళీ పోస్తారు. కుండ ఖాళీ అవడమన్నది ఉండదు. పుల్లగా, చల్లగా ఉండే ఆ నీళ్ళలో రాత్రి అన్నం కలిపి, ఉప్పేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగితే ఎండ ఎండలా ఉండదు. ఆ కుండని తోమరు. ఎంగిలి చెయ్యి పెట్టరు. చిన్నప్పుడు శ్రీకూర్మం దగ్గర మా ఊళ్ళో, బయటినుంచి వచ్చి కాళ్ళయినా కడక్కుండా కుండలో చెంబు ముంచినందుకు మా అమ్మ నా వీపు మోగించింది. ఇది గుర్తుపెట్టుకోండి. నాకు తెలియక చేశానని రేపు మీరు అనుకోకూడదు.

గల్ఫ్‌లో మట్టి కుండ ఎక్కడిది? మావది పెద్ద స్టీలు గిన్నె. దాన్నే కుండ అనేవాళ్ళం. దాని అడుగున అరచెయ్యంత పెంకు ఒకటి ఉండేది. మావ వాళ్ళ ఇంట్లో తరాల నాటి తరవాణి కుండ ఒక వేసవిలో పగిలిపోతే, వాళ్ళావిడ పెంకులు పారెయ్యకుండా ఆరబెట్టి దాచింది. కొన్నేళ్ళ క్రితం ఆయన మళ్ళీ బయల్దేరేటప్పుడు ఒక పెంకుని పాత పంచె ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టింది. ఆ మట్టి ఎన్నేళ్ళు ఆ పులుపు తాగిందో! గల్ఫ్‌లో గంజిలో వేస్తే మూడో రోజుకి పులుపెక్కి కుండ పలికిందట. దిగిన చోట విమానాశ్రయంలో అధికారి ఒకడు మూట విప్పించి, వాసన చూసి, ముక్కు మూసుకుని, తనే గబగబా చుట్టి పెట్టెలో పెట్టేశాడని మావ చెప్పి చెప్పి నవ్వేవాడు.

రోజూ పొద్దున్నే పెద్ద ఫ్లాస్కులో తరవాణి అన్నం పోసుకుని సైటుకి వచ్చేవాడు. మధ్యాహ్నం మేము డబ్బాలు విప్పి కోడికూర తింటుంటే, ఆయన ఒక వారగా కూర్చుని ఫ్లాస్కు మూత తీసేవాడు. ఆ వాసనకి పక్క గ్యాంగుల వాళ్ళు లేచిపోయేవాళ్ళు. "ఎల్లండి ఎల్లండి, నాకు నీడ ఎక్కువొస్తాది," అనేవాడు.

ఇక నా తప్పు.

ఒక రోజు వీసా పని మీద క్లినిక్కుకి వెళ్ళి, సైటుకి పోకుండా పదింటికి గదికి వచ్చేశాను. మిగిలినవాళ్ళంతా పనిలో ఉన్నారు. క్యాంపు బాసు తలుపు కొట్టాడు. క్లయింటు తరఫున పెద్దవాళ్ళు గంటలో గదులు చూడటానికి వస్తున్నారు, మీ వెనక వరండాలోంచి వాసన వస్తోందని పక్కవాళ్ళు అంటున్నారు, ఏమిటది, అన్నాడు. నేను ఇస్త్రీ చొక్కాలో ఉన్నాను. చేతిలో ఫైలు. ఆయన ముందు నాకు తల కొట్టేసినట్టయింది. అది మా ఊరి తిండి, మేము చిన్నప్పటినుంచి తాగేదే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. "ఎవరో పాత అన్నం వదిలేసినట్టున్నారు సార్, తీయించేస్తాను," అన్నాను.

ఎవరో! మా మావ నాకు ఎవరో!

ఆయన వెళ్ళగానే గిన్నె ఎత్తి కాలవలో ఒంపేశాను. పెంకుని చెత్త సంచిలో వేశాను. సబ్బు నీళ్ళు పోసి, పీచుతో లోపలంతా తళతళలాడేలా తోమి, వరండాలో బోర్లించాను. తోముతుంటే మా అమ్మ చెయ్యి వీపు మీద చురుక్కుమన్నట్టే ఉంది. ఆగలేదు. పెద్దవాళ్ళు వచ్చారు, చూశారు, మా గది శుభ్రంగా ఉందని మెచ్చుకుని పోయారు. సంచి తీసుకెళ్ళి డబ్బాలో వేశాను. మధ్యాహ్నం చెత్తబండి వచ్చింది.

సాయంత్రం మావ వచ్చాడు. వరండాలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. వెళ్ళి చూస్తే బోర్లించిన గిన్నె ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

"ఇన్‌స్పెక్షను వచ్చింది మావా," అన్నాను. "వాసన అని కంప్లయింటు పెట్టారు. ఏం చెయ్యమంటావు మరి?"

గిన్నె ఎత్తి వాసన చూశాడు. "సబ్బెట్టినావా?"

అవునన్నట్టు తలూపాను.

"పెంకేదీ?"

"చెత్తలో..."

"బండి ఎలిపోనాదా?"

"వెళ్ళిపోయింది."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుణ్ణు. లేచి నా మొహంలోకి చూసి, నెమ్మదిగా అడిగాడు. "తమరిది ఏ ఊరు సార్?"

నా ఊరు ఆయనకి తెలియక కాదు.  ఆ రోజునుంచి గదిలో కూడా నన్ను సార్ అనడం మొదలెట్టాడు. అల్లుడూ అన్న పిలుపు నా తప్పుతో పాటు ఆ బండెక్కి పోయింది.

నేను మాత్రం నా మొండితనంలో ఉన్నాను. "మెస్సులో తిను మావా, వేళకి వేడిగా పెడతారు, నీకు ఈ చాకిరీ తప్పుతుంది," అని సలహా కూడా ఇచ్చాను. ఆయన విన్నాడు. మెస్సుకి వెళ్ళాడు. మధ్యాహ్నం అందరిలాగే డబ్బా విప్పాడు. చూశారా, మనిషి ఎంత తేలిగ్గా అలవాటు పడతాడో అని గదిలో ఉపన్యాసం ఇచ్చాను. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండు వారాలు గడిచాయో లేదో, ఎక్స్‌రే గదినుంచి కబురు వచ్చింది. మేము వేసే ప్రతి జాయింటునీ మనిషి ఎముకకి తీసినట్టే ఎక్స్‌రే తీస్తారు. ఫిల్ములో అతుకు తెల్లటి పట్టీలా కనపడాలి. అందులో నల్లటి చుక్కలుంటే లోపల గాలిబుడగలున్నట్టు. ఆ జాయింటు కోసి మళ్ళీ వెయ్యాలి. మావ జాయింటులో చుక్కలు! ఫిల్ము మారిపోయిందేమోనని నంబరు రెండుసార్లు చూసుకున్నాను. మారలేదు. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

క్లయింటు ఇన్‌స్పెక్టరు మంచివాడే కానీ మొహమాటం లేనివాడు. మూడో ఫిల్ము నా ముందు పెట్టి, ఈయన కళ్ళు అయిపోయాయి, ఈయన కార్డు రద్దు చెయ్యడానికి మీరు సంతకం పెట్టండి అన్నాడు. వెల్డరు కార్డు రద్దయితే సైటులో అడుగు పెట్టనివ్వరు. పనికిరాని వెల్డరని రాసి పంపేస్తారు. వేలెత్తి చూపించుకోకుండా వెళ్ళిపోవాలనుకున్న మనిషికి అంతకంటే ఏముంది?

ఒక్క రోజు గడువు అడిగి కాగితం గదికి తెచ్చుకున్నాను. పక్కన జాయింట్ల రికార్డు పెట్టుకున్నాను. ఎవరు, ఏ జాయింటు, ఏ వేళకి వేశారో అందులో ఉంటుంది. కళ్ళు అయిపోతే పొద్దున్న వేసిన వాటిలోనూ చుక్కలుండాలి కదా? పొద్దున్న వేసినవి ఒక్కటీ పోలేదు. పోయినవన్నీ మధ్యాహ్నం విరామం తర్వాత వేసినవే. వేలు పెట్టి ఒక్కొక్క వరసా మళ్ళీ చూశాను. ఆ విరామంలో ఆయన తినేది నేను తినమన్న మెస్సు డబ్బా.

మావని పిలిచి అడిగాను. ముందు చెప్పలేదు. బతిమాలితే అన్నాడు. "ఆ కూడు తప్పు కూడని నాననను సార్. కుర్రోలు తింతన్నారు, బాగానే ఉన్నారు. నాకే, తిన్నాక పొట్టలో రాయెట్టినట్టు ఉంతాది. ఎండలో కళ్ళు బైర్లు కమ్ముతాయి. సెయ్యి ఒనుకుతాది. ఇంత ఒనుకే, కానీ మన పనికి అది సాలదేటి?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏటి సెప్పమంటారు? తరవాణి నేక జాయింటు పోనాదని సెప్తే ఇన్‌స్పెట్రు నవ్వడా? మీరే నవ్వుతారు."

నవ్వేవాణ్ణే. నెల క్రితం అయితే పడీ పడీ నవ్వేవాణ్ణి. మధ్యాహ్నాలు ఆయనకి పని పెట్టకుండా చూద్దామంటే ప్లాను ఒప్పుకోలేదు. ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి, ఇంకొక్క జాయింటు ఇవ్వండి, అదీ పోతే నేనే సంతకం పెడతానన్నాను. ఈ సోమవారం కాదు, వచ్చే సోమవారం మధ్యాహ్నం, గోడ పక్కన ఉన్న జాయింటు, అన్నాడాయన.  ఆ పైపుకీ గోడకీ మధ్య చెయ్యి మాత్రమే దూరుతుంది, తల దూరదు. వెనక వైపు అతుకుని అద్దంలో చూస్తూ వెయ్యాలి. అద్దంలో కుడి ఎడమవుతుంది, ముందు వెనకవుతుంది. కుర్రవెల్డర్లు దాని పేరు చెబితేనే తప్పుకుంటారు.

ఆ రోజే గంజి వార్చి గిన్నెలో పోశాను. రెండ్రోజులకి కుళ్ళు కంపు. పారబోసి మళ్ళీ పోశాను. ఈసారి జిగురు కట్టింది. మావ వచ్చి చూసి, "తల్లి నేకుండా బిడ్డేటి సార్? మన ఊల్లోనైతే పక్కింటి కుండలోంచి సెంబుడు తెచ్చుకుంతాం. ఇక్కడెవులిత్తారు?" అన్నాడు. పోతూ పోతూ మళ్ళీ ఆగాడు. పాత సైట్లలో తను ఆ పెంకు అంచులు విరిచి ఇద్దరు ముగ్గురికి ఇచ్చిన మాట అప్పుడు చెప్పాడు. వాళ్ళెక్కడున్నారో తెలియదన్నాడు.

గల్ఫ్‌లో పనిచేసే మన జిల్లాల వాళ్ళకి వాట్సాప్ గ్రూపు ఒకటుంది. ఎప్పుడూ అందులో ఖాళీల కబుర్లు, దేవుడి బొమ్మలు. వరండాలో నిలబడి నేను అందులో మాట రికార్డు చేసి పెట్టాను. ఫోర్‌మన్ గొంతు పక్కన పెట్టి, మా అమ్మతో మాట్లాడే గొంతుతో చెప్పాను. "అయ్యా, నాను తప్పు సేసినాను. మావ తరవాణి కుండ సబ్బెట్టి తోమేసినాను. పెంకు పారేసినాను. ఆయన సెయ్యి ఒనుకుతన్నాది, సోమారం ఆయనకి పరీచ్చ. మావ ఇచ్చిన పెంకు ఎవులికాడైనా ఉంటే సెప్పండి, కాల్లు మొక్కుతాను."

అర్ధగంటలో ఫోను మోగిపోయింది. పెంకు ఎవరూ ఇవ్వలేదు, తిట్లు మాత్రం అందరూ ఇచ్చారు. "సబ్బెట్టినావేటి! నీ సెయ్యి ఇరగ!" అని ఒకాయన. "నిన్ను కన్నది మీయమ్మేనేటి, సబ్బు కంపినీవోడేటి?" అని ఇంకొకాయన. నేను మొహం కూడా చూడని మనుషులు! వంటింట్లో కుండ పగలగొట్టినవాణ్ణి సొంత పెద్దమ్మలు తిట్టినట్టు తిట్టారు. ఒక్కొక్క తిట్టుకీ నాకు లోపల హాయిగా ఉంది. ఇంతమంది గుర్తుపెట్టుకున్నారా దీన్ని అని ఆశ్చర్యపోతూ అన్నీ విన్నాను.

మర్నాడు పొద్దున్న ఒక గొంతు వచ్చింది. పలాస వైపు మనిషట, మాకు ఒక రోజు ప్రయాణం దూరంలో, ఎడారి మధ్య సైటులో పనివాళ్ళు ఎక్కి నిలబడే మంచెలు కట్టే పని. "మావ నాకిచ్చిన ముక్క ఉన్నాది. మూడు సైట్లు మారినాను, దాన్ని ఒగ్గలేదు. సగానికి ఇరిసి, తరవాణిలో ఏసి పంపుతన్నాను. దారిలో సచ్చిపోకుండా సూసుకోడం మీ పూచీ."

అది వచ్చిన దారి నేను తర్వాత ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నాను. మొదట నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, పాకిస్తానీ పెద్దాయన. మూత బిగిస్తే గాలి పట్టి పేలుతుందని చెబితే, దారి పొడుగునా బండి ఆపి మూత వదులు చేసి, మళ్ళీ పెట్టాడట. మందనుకున్నాడు ఆయన. తర్వాత హైవే ఊళ్ళో బట్టలుతికే దుకాణం నడిపే టెక్కలి మనిషి. తన అన్నం వార్చిన గంజి పోసి, ఇస్త్రీ బల్ల కింద వెచ్చటి చోట ఒక రోజంతా ఉంచాడు. అక్కణ్ణుంచి బస్సు డ్రైవరు. చివరికి మా గేటు బయట మలబారు హోటలు. గురువారం సాయంత్రం నేను వెళ్ళేసరికి హోటలు వంటాయన ఫ్లాస్కు కౌంటరు మీద పెట్టి కూర్చున్నాడు. వాసన చూడగానే అర్థమైంది, మా అమ్మమ్మ కూడా గంజి తాగించేది, అందుకే కొంచెం మా గంజి కూడా పోశాను, ఏమీ అనుకోకండి అన్నాడు హిందీలో.

 పుల్లటి నీళ్ళండీ అవి! నేను కాలవలో ఒంపేసిన నీళ్ళు. దాన్ని నలుగురు, ఒకరికొకరు తెలియని నలుగురు, పొత్తిళ్ళలో బిడ్డని అందించినట్టు చేతులు మార్చి తెచ్చారు. ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు దానికి గంజి పోశారు. నేను ఆ ఫ్లాస్కుని రెండు చేతులా పట్టుకుని, దారి పొడుగునా తడబడకుండా అడుగులేస్తూ గదికి వచ్చాను. చాలా బరువైన పైపు లైన్లు ఎత్తించాను కానీ అంత భయంగా దేన్నీ మొయ్యలేదు.

మావ ఫ్లాస్కు మూత తీసి వాసన చూశాడు. లోపల పెంకు ముక్కని వేలితో తడిమాడు.  కళ్ళు తుడుచుకుని, గిన్నెని వేడినీళ్ళతో పదిసార్లు కడిగి, అప్పుడు పోశాడు. శనివారానికి కుండ పలికింది. ఆదివారం మధ్యాహ్నం సైటులో ఫ్లాస్కు మూత తీశాడు. పక్క గ్యాంగు వాళ్ళు లేచిపోయారు. నేను లేవలేదు.

సోమవారం మధ్యాహ్నం. ఎండ తగ్గలేదు. మావ మంచె మీద పక్కకి ఒరిగి పడుకుని, గోడ సందులోకి చేతులు పోనిచ్చాడు. అద్దం పట్టడానికి మనిషి కావాలి. "అద్దం మీరు పట్టండి సార్," అన్నాడు. ఫోర్‌మన్ అయ్యాక ఎవరికీ హెల్పరుగా కూర్చోలేదు నేను. మొహానికి నల్లద్దం పెట్టుకుని అద్దం పట్టుకున్నాను. కింద ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు.

తర్వాత చూసింది ఎలా చెప్పను! అద్దంలో చిన్న వెలుగు ముద్ద. దాని పక్కన కరిగి అతుకయ్యే తీగ కొస వచ్చి ముట్టుకుంటోంది, వెనక్కి పోతోంది, మళ్ళీ ముట్టుకుంటోంది. అద్దంలో అన్నీ తిరగబడి ఉన్నా ఆ చేతులు ఒక్కసారి కూడా దారి తప్పలేదు. నా చేతిలో అద్దం కాస్త పక్కకి జరిగితే, "కదలకండి," అన్నాడు నెమ్మదిగా. ఆయన చెయ్యి మాత్రం రాతిలో దిగేసినట్టుంది. ముప్పై ఏళ్ళు వెల్డర్లని పని చేయించానే తప్ప, ఒక వెల్డరు చెయ్యి ఏమిటో ఆ రోజు దాకా చూడలేదని తెలిసింది.  ఎండ, చెమట, కింద మనిషి, అన్నీ మరిచిపోయి గుడి లోపల నిలబడ్డట్టు నిలబడిపోయాను.

మర్నాడు ఎక్స్‌రే గదిలో ఇన్‌స్పెక్టరు ఫిల్ముని దీపం పెట్టె మీద పరిచాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు. ఈ చివరినుంచి ఆ చివరికి తెల్లటి పట్టీ. ఒక్క చుక్క లేదు. రద్దు కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. ఇది దాచుకుంటాను, కొత్తవాళ్ళకి చూపించడానికి, అని ఫిల్ముని తన సంచిలో పెట్టుకున్నాడు.

రెండ్రోజుల తరవాణికి చెయ్యి బాగుపడుతుందా అని చదువుకున్నవాళ్ళు నవ్వొచ్చు. నవ్వుకోండి. నేను అద్దం పట్టుకుని చూసింది చెబుతున్నాను.

ఆ శుక్రవారం గదిలో అందరం మలబారు హోటలుకి వెళ్ళాం. మావ నాలుగు పరోటాలు తిని, చేపల పులుసు రెండోసారి వేయించుకున్నాడు. నేను నోరు వెళ్ళబెట్టి చూస్తుంటే నవ్వాడు.

"ఏటలా సూత్తన్నావు? బాగున్నాయి అల్లుడా. సెలవు రోజున బాగుంతాయి."

అల్లుడా అన్నాడు. నేను తల వంచుకుని ప్లేటులో పరోటా తుంపుతూ కూర్చున్నాను, కళ్ళలో నీళ్ళు వాళ్ళకి కనపడకుండా.

ఒప్పందం అయిపోయాక మావ వెళ్ళిపోయాడు. ఎవరూ వేలెత్తి చూపించలేదు. వెళ్ళే ముందు ఆ ముక్కని మళ్ళీ విరిచి ఒకటి నా చేతిలో పెట్టాడు. మరుసటి ఏడాది నేనూ దిగిపోయి విజయనగరం వచ్చేశాను. తరవాణి వేద్దామంటే మా ఆవిడ వింతగా చూసింది. మా ఊరు వెళ్ళి, ఎవరింట్లోనైనా కుండ ఉందా అని అడిగాను. ఒక్క ఇంట్లోనూ లేదు. ఎప్పుడు పోయాయో కూడా ఎవరికీ గుర్తు లేదు. ఇక్కడ పోయినది అక్కడ బతికింది, ఎడారిలో, స్టీలు గిన్నెలో! ఆలోచిస్తే ఇప్పటికీ దిమ్మతిరుగుతుంది. సంతలో మట్టి కుండ కొని, పెంకు వేసి, గంజి పోశాను. మూడో రోజుకి పలికింది. ఇప్పుడు మా వీధిలో నాలుగిళ్ళలో ఉంది.

కాబట్టి మెస్సా, వంటా అని అడిగితే నా జవాబు ఇదే. పని రోజున మీ ఒంటికి తెలిసిన కూడు తినండి, సెలవు రోజున పరోటా తినండి. ఏది తిన్నా, అది మీదే అని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి.

పోయిన నెల ఒక నర్సమ్మాయి వచ్చింది. తొలిసారి గల్ఫ్ వెళుతోంది. అన్నీ అడిగింది, చెప్పాను. కుండ అడుగునుంచి పెంకు తీసి, చిన్న ముక్క విరిచి, పంచె గుడ్డలో చుట్టి చేతిలో పెట్టాను. వాసన చూసి మొహమాటంగా నవ్వింది.

"అంకుల్, శుభ్రంగా కడిగి పెట్టుకుంతాను," అంది.

"వద్దు తల్లీ," అని ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. "సబ్బు మాత్రం తగలనివ్వకు. నేనొకసారి కడిగాను. నలుగురు చేతులు మార్చి నాకు తిరిగి తెచ్చిచ్చారు. నీకు తెచ్చేవాళ్ళు ఉంటారో ఉండరో."